బటన్ ఎక్కడుంటే చెయ్యి అక్కడికే: ఒక గ్రంథాలయ వెబ్‌సైట్ పునర్నిర్మాణ డైరీ

పని పరిధి

స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే ఒక గ్రంథాలయం వెబ్‌సైట్‌ను కొత్తగా తీర్చిదిద్దే పని మా చిన్న బృందానికి వచ్చింది. పాఠకులు ఆ సైట్‌లో సభ్యులుగా చేరతారు, పుస్తకం వెతుక్కుంటారు, దాన్ని తమ పేరున రిజర్వు చేసుకుంటారు, గడువు పొడిగించుకుంటారు, అక్కర్లేదనుకుంటే సభ్యత్వం రద్దు చేసుకుంటారు. చాలామంది పుస్తకం పేజీ దాకా వచ్చి, రిజర్వు చేయకుండానే వెళ్లిపోతున్నారని సర్వర్ లాగ్‌లు (ఎవరు ఏ పేజీ తెరిచారో సర్వర్ రాసుకునే చిట్టాలు) చూపిస్తున్నాయి. పాఠకులకు ఓపిక తగ్గిపోయిందన్నది ఇంతకాలం దీనికి చెప్పుకుంటూ వచ్చిన కారణం.

ఆ కారణాన్ని పక్కన పెట్టి పని మొదలుపెట్టాం. పేజీలో ఏది ముందు కనిపిస్తుంది, ఏది పెద్దగా ఉంది, ఏది ముందే ఎంపికై ఉంది, తప్పు జరిగితే పేజీ ఏం చెబుతుంది అన్నవి మనిషి ప్రవర్తనను చాలావరకు నిర్ణయిస్తాయన్నది మా ప్రాతిపదిక. అదే నిజమైతే, పేజీని తయారుచేసేవారి చేతిలో గణనీయమైన అధికారం ఉన్నట్టే. కాబట్టి ప్రతి మార్పు పక్కనా రెండు ప్రశ్నలకు జవాబు రాసిపెట్టాలని నిర్ణయించుకున్నాం: ఈ మార్పు పాఠకుడి చేత ఏం చేయిస్తుంది, ఆ పని చేసినందుకు అతను తర్వాత సంతోషిస్తాడా. రెండో ప్రశ్నకు జవాబు లేని మార్పు ఏదీ సైట్‌లోకి వెళ్లదు.

ముందు చూడటం

కోడ్ ముట్టుకోకముందే, సైట్ వాడేవారిని కూర్చోబెట్టి గమనించాం. వాడుక సౌలభ్యాన్ని అధ్యయనం చేసే జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ 1993లో ప్రచురించిన లెక్కలో, అలా గమనించిన ఒక్కో వ్యక్తి వాడుకలోని సమస్యల్లో సగటున 31 శాతాన్ని బయటపెడతాడు. ఆ లెక్కన ఐదుగురిని గమనిస్తే దాదాపు 85 శాతం బయటపడతాయి. ఈ లెక్కను దాని హద్దు దాటించి వాడటం తరచుగా కనిపిస్తుంది. అది సమస్యలను కనిపెట్టడానికి పనికొస్తుంది గాని, ఒక్కో సమస్య ఎంతమందికి ఎదురవుతుందో చెప్పడానికి పనికిరాదు. పైగా ఆ ఐదుగురూ ఒకే తరహా వాడుకరులైనప్పుడే అది వర్తిస్తుంది. అందువల్ల కొద్దిమందితో చూసి, సరిచేసి, మళ్లీ వేరే కొద్దిమందితో చూసే పద్ధతి పెట్టుకున్నాం. ఫోన్ ఒక్కటే వాడేవారిని, స్క్రీన్ రీడర్ (తెర మీది పాఠాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవారిని విడివిడి బృందాలుగా తీసుకున్నాం.

పని అప్పగించేటప్పుడు బటన్ మీదున్న మాటను మేము పలకకూడదన్నది మా నియమం. ‘రిజర్వు చేయండి’ అని మేమే అంటే, ఎదుటివారు పేజీలో ఆ మాట ఎక్కడుందా అని వెతుకుతారు, పేజీ అర్థమైందో లేదో మాకు తెలియకుండా పోతుంది. ‘ఈ పుస్తకాన్ని మీకోసం పక్కన పెట్టించుకోవాలి, ఎలా చేస్తారో చూపించండి’ అని అడిగాం.

అన్నిటికంటే బలంగా తేలిన విషయం ప్రకటన పట్టీ గురించినది. ఒక పాఠకుడు ఒకేసారి ఎన్ని పుస్తకాలు రిజర్వు చేసుకోవచ్చో చెప్పే ముఖ్యమైన సమాచారం పేజీ పైభాగంలో, రంగుల నేపథ్యం మీద, పెద్ద అక్షరాలతో ఉంది. దాన్ని ఎవరూ చదవలేదు. దాని మీదుగానే చూపు సాగింది, ఆగలేదు. జాన్ బెన్వే, డేవిడ్ లేన్ 1998లోనే ఈ ధోరణిని గుర్తించి, దానికి ‘బ్యానర్ అంధత్వం’ అని పేరు పెట్టారు: ప్రకటనలా కనిపించేదాన్ని, అది ప్రకటన కాకపోయినా, వాడుకరులు వదిలేసి పోతారు. ఎంత ఎక్కువ అలంకరిస్తే అంత తక్కువ కంటపడుతుందన్న ఈ సంగతి బృందంలో కొందరికి మింగుడుపడలేదు. ఆ వాక్యాన్నే మామూలు అక్షరాలతో, రిజర్వు బటన్‌కు సరిగ్గా పైన పెట్టి చూపించిన తర్వాత మాత్రం వాదన ముగిసింది. తర్వాతి బృందంలోని వారు ఆ వాక్యాన్ని పైకి చదివి మరీ బటన్ నొక్కారు.

2006లో నీల్సన్ నార్మన్ గ్రూప్ 232 మంది చూపుల కదలికలను నమోదు చేసి, వెబ్ పేజీని మనుషులు ఇంగ్లీషు అక్షరం ‘ఎఫ్’ ఆకారంలో పైపైన చూసుకుంటూ పోతారని తేల్చింది. దీన్ని ఒక శాసనంగా తీసుకుని, ముఖ్యమైనదంతా ఎడమ అంచుకు తోసేయడం సరికాదని నా అభిప్రాయం. ఉపశీర్షికలు లేకుండా గోడలా పరుచుకున్న పాఠం ముందు చూపు ఎలా సాగుతుందో అది చెబుతుంది. పాఠాన్ని విడగొట్టి, అర్థవంతమైన ఉపశీర్షికలు పెడితే చూపు వాటి వెంట నడుస్తుంది. మేము పుస్తకం పేజీలోని వివరణను అలాగే విడగొట్టాం.

పేజీ కదలకూడదు

ఈ దశలో చూసిన ఒక దృశ్యాన్ని వివరంగా రాసి ఉంచడం అవసరం. ఒక పాఠకుడు ఫోన్‌లో పుస్తకం పేజీ తెరిచాడు. పేరు, రచయిత, కింద ‘రిజర్వు’ బటన్ కనిపించాయి. బొటనవేలు బటన్ మీదికి దిగుతున్న క్షణంలో అట్టబొమ్మ లోడ్ అయ్యి, పేజీ మొత్తాన్ని కిందికి నెట్టింది. బటన్ ఉన్న చోటికి ‘ఇతర పుస్తకాలు’ అన్న లింకు వచ్చింది, వేలు దాని మీద పడింది. ఆయన వెనక్కి రాలేదు. తెరుచుకున్న కొత్త పేజీని కాసేపు చూసి, ‘ఈ పుస్తకం ఇప్పుడు లేదనుకుంటా’ అన్నాడు. పాఠకులు రిజర్వు చేయకుండా వెళ్లిపోవడానికి సర్వర్ లాగ్‌లు ఎన్నటికీ చెప్పలేని కారణాల్లో ఇదొకటి. లాగ్‌లో అది ‘మరో పుస్తకం మీద ఆసక్తి చూపాడు’ అన్నట్టే నమోదవుతుంది.

మందు చిన్నదే. పేజీ కోడ్‌లో బొమ్మను చేర్చే ట్యాగ్‌లో వెడల్పు, ఎత్తు ముందే రాసిపెడితే, బొమ్మ రాకముందే బ్రౌజర్ దానికి చోటు కేటాయిస్తుంది. పేజీ వాడటానికి ఎంత హాయిగా ఉందో కొలిచేందుకు గూగుల్ 2020లో ప్రకటించిన కోర్ వెబ్ వైటల్స్ కొలమానాల్లో ఇలాంటి కదలికకు ప్రత్యేకంగా ఒక కొలత ఉంది, అది 0.1 దాటకపోతే మంచి పేజీ కింద లెక్క. ప్రధానాంశం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది రెండో కొలత. నొక్కిన తర్వాత స్పందన 200 మిల్లీసెకన్లలోపు తెర మీద కనిపించాలన్నది మూడోది, ఇది 2024 మార్చిలో పాత కొలత స్థానంలోకి వచ్చింది. సందర్శనల్లో 75 శాతమైనా ఈ హద్దుల్లో ఉండాలి. సగటు చూసుకుని తృప్తిపడితే నెమ్మదైన ఫోన్లు వాడేవారు లెక్కలోంచి జారిపోతారు గనుక ఈ పద్ధతి నాకు న్యాయంగా తోస్తుంది.

వేగం గురించిన మూల సూత్రాలు వెబ్ కంటే పాతవి. రాబర్ట్ మిల్లర్ 1968లో చర్చించిన హద్దులను నీల్సన్ 1993లో మళ్లీ ముందుకు తెచ్చాడు: 0.1 సెకను లోపల స్పందన వస్తే పని తానే చేసినట్టు మనిషికి అనిపిస్తుంది, 1 సెకను దాకా ఆలోచన తెగదు, 10 సెకన్లు దాటితే ధ్యాస వేరే పని మీదికి పోతుంది. మా సైట్‌లో రిజర్వు బటన్ నొక్కిన తర్వాత సర్వర్ జవాబిచ్చేదాకా తెర మీద ఏ మార్పూ ఉండేది కాదు. దానితో పాఠకులు మళ్లీ మళ్లీ నొక్కేవారు, ఒకే పుస్తకానికి రెండు రిజర్వులు పడేవి. ఇప్పుడు నొక్కిన వెంటనే బటన్ మీది మాట ‘నమోదు చేస్తున్నాం’ అని మారుతుంది, బటన్ తాత్కాలికంగా పనిచేయడం మానేస్తుంది. ఇది తెర వైపు ఏర్పాటు మాత్రమే గనుక, ప్రతి ఫారానికీ ఒక ప్రత్యేక గుర్తు జతచేసి, అదే గుర్తుతో రెండోసారి వచ్చిన అభ్యర్థనను సర్వర్ పట్టించుకోకుండా చేశాం.

ఫారం పని

ఎక్కువ కాలం పట్టిన భాగం ఇదే, పట్టాల్సిందీ ఇక్కడే.

పాత సైట్‌లో రిజర్వు నొక్కగానే ‘ముందు ఖాతా తెరవండి’ అన్న పేజీ వచ్చేది. జేరెడ్ స్పూల్ 2009లో రాసిన ఒక ఉదంతం ఇక్కడ బృందానికి ఉపయోగపడింది. ఒక పెద్ద అమ్మకాల సైట్‌లో ‘నమోదు’ బటన్ తీసేసి దాని స్థానంలో ‘కొనసాగించండి’ అని పెట్టి, ఖాతా తెరవడం తప్పనిసరి కాదని ఒక చిన్న వాక్యం చేర్చారట. కొనుగోలు పూర్తి చేసినవారు 45 శాతం పెరిగారని, మొదటి ఏడాది 30 కోట్ల డాలర్ల అదనపు ఆదాయం వచ్చిందని ఆయన రాశాడు. అన్ని సైట్లకూ ఆ ఫలితమే వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అక్కడి కారణం మాత్రం మాకు సరిగ్గా సరిపోయింది: వచ్చినవారు ఒక వస్తువు కోసం వచ్చారు, సైట్‌తో సంబంధం పెట్టుకోవడానికి రాలేదు. మేము వరుసను తిప్పేశాం. ముందు పుస్తకం, తర్వాత తీసుకునే రోజు, చివర పేరు, ఫోన్ నంబరు. రిజర్వు ఖాయమయ్యాక, కావాలంటే పాస్‌వర్డ్ పెట్టుకుని ఖాతాగా మార్చుకోవచ్చు.

ఒక్కో గడినీ ఎందుకు అడుగుతున్నామని ప్రశ్నించుకున్నాం. పుట్టినతేదీ, వృత్తి, మా గురించి ఎలా తెలిసింది అన్న గడులకు ఎవరి దగ్గరా జవాబు లేదు. ‘ఎప్పుడైనా పనికొస్తాయి’ అన్నది జవాబు కాదు. వాటిని తీసేశాం.

ఫోన్ నంబరు గడి దగ్గర చూసినది మరచిపోకూడనిది. ఒక పాఠకురాలు తన నంబరును తనకు గుర్తున్న పద్ధతిలో, మధ్యలో ఖాళీలు వదులుతూ రాసింది. పంపగానే పేజీ పైన ఎర్ర అక్షరాలతో ‘చెల్లని విలువ’ అని వచ్చింది, నింపిన గడులన్నీ ఖాళీ అయ్యాయి. ఏ గడిలో తప్పుందో చెప్పలేదు, తప్పేమిటో చెప్పలేదు. ఆమె మళ్లీ మొదటి నుంచి, మళ్లీ ఖాళీలతోనే నింపింది. చివరికి ‘నాకు ఇవన్నీ రావు’ అని ఫోన్ పక్కన పెట్టింది. ఆ మాట నన్ను చాలా బాధించింది. ఖాళీలను తీసేయడం కోడ్‌లో ఒక్క వరుస పని. ఆ వరుస లేకపోవడం వల్ల, తన నంబరు తనకు సరిగ్గా తెలిసిన మనిషి తానే చేతకానిదాన్నని అనుకుంది. డిజైన్ మనిషి చేష్టలను మాత్రమే మారుస్తుందనుకుంటాం గాని, తన గురించి తాను ఏమనుకోవాలో కూడా అది నేర్పుతుంది.

ఇప్పుడు ఆ గడి ఖాళీలను, గీతలను, కుండలీకరణాలను అన్నింటినీ అంగీకరిస్తుంది. దాని రకాన్ని ‘సంఖ్య’గా పెట్టకుండా ‘టెలిఫోన్’గా పెట్టాం, అప్పుడు ఫోన్‌లో అంకెల కీబోర్డు తెరుచుకుంటుంది, నంబరు మొదట్లో సున్నా ఉన్నా పోదు. పేరు, ఫోన్ గడులకు హెచ్‌టీఎంఎల్ (పేజీని రాసే భాష)లోని ఆటోకంప్లీట్ గుర్తులు చేర్చాం గనుక బ్రౌజర్ వాటిని తానే నింపగలదు. గడి పేరును గడికి పైనే పెట్టాం. పేరూ గడీ ఒకే చూపులో అందుతాయని మాటియో పెంజో 2006లో చేసిన చూపుల పరిశీలన చెబుతుంది. గడి లోపల లేత రంగులో పేరు రాసే అలవాటును పూర్తిగా మానుకున్నాం, ఎందుకంటే రాయడం మొదలుపెట్టగానే అది మాయమవుతుంది, మధ్యలో ఆగినవారికి ఏ గడిలో ఏం రాస్తున్నారో తెలియదు. తప్పు సందేశం ఆ గడి కిందే వస్తుంది, ఏం చేయాలో చెబుతుంది, రాసినదాన్ని చెరపదు.

ఎంపికల సంఖ్య

మెనూను కుదించాలన్న ప్రతిపాదన వచ్చింది. విలియమ్ హిక్ 1952లో, రే హైమన్ 1953లో చూపిన దాని ప్రకారం ఎంపికలు పెరిగేకొద్దీ నిర్ణయానికి పట్టే సమయం వాటి సంఖ్య లాగరిథమ్‌ను అనుసరించి, అంటే అంతకంతకూ నెమ్మదిగా, పెరుగుతుంది. ఆ ప్రయోగాల్లో పాల్గొన్నవారికి ఎంపికలు ముందే తెలుసు. కొత్త సైట్‌కు వచ్చినవారికి అవి తెలియవు, ఒక్కొక్కటీ చదువుకుంటూ పోతారు. అందువల్ల సంఖ్య కంటే పేర్ల స్పష్టత, వరుస ముఖ్యమని వాదించాను. ఎంపికలు ఎక్కువైతే మనిషి ఏదీ ఎంచుకోడన్న వాదానికి షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ 2000లో ప్రచురించిన ప్రయోగాన్ని ఎత్తిచూపడం మామూలు. అయితే 2010లో బెంజమిన్ షైబెహెన్నె బృందం అలాంటి ప్రయోగాలను ఎన్నింటినో కలిపి చూస్తే సగటు ప్రభావం దాదాపు సున్నాకు వచ్చింది. గ్రంథాలయంలో పుస్తకాలు ఎక్కువ ఉండటం లోపం కాదు. వెతుకుడు ఫలితాలను రచయిత, విషయం, ఇప్పుడు అందుబాటులో ఉన్నవి అన్న వడపోతలతో చూసుకునే ఏర్పాటు చేసి, జాబితాను యథాతథంగా ఉంచాం.

ఫలితాల జాబితా అంతులేకుండా కిందికి సాగుతూ ఉండాలా అన్న చర్చ త్వరగానే తెమిలింది. ఆగే చోటు లేని స్క్రోల్ కాలక్షేపానికి వచ్చినవారిని పట్టి ఉంచుతుంది. పుస్తకం కోసం వచ్చినవారికి ఎక్కడున్నారో తెలియకుండా చేస్తుంది. ‘మరిన్ని చూపించు’ బటన్ పెట్టాం, వెనక్కి వచ్చినప్పుడు పాత చోటే కనిపించేలా చూశాం.

ముందే పెట్టిన టిక్కు

పాత ఫారంలో ‘వార్తాలేఖ పంపండి’ అన్న గడిలో టిక్కు ముందే ఉండేది. నిర్వాహకులు దాన్ని అలాగే ఉంచమన్నారు, ఎందుకంటే చందాదారుల సంఖ్య దాని మీదే నిలిచి ఉంది. ఈ ప్రాజెక్టులో నేను గట్టిగా పట్టుబట్టిన చోటు ఇది.

ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ 2003లో ‘సైన్స్’ పత్రికలో అవయవదానం గురించి ఒక అధ్యయనం ప్రచురించారు. వారి ఆన్‌లైన్ ప్రయోగంలో ఒక వర్గానికి ‘మీరు దాత కాదు, కావాలంటే మార్చుకోండి’ అన్న స్థితి, రెండో వర్గానికి ‘మీరు దాతే, వద్దంటే మార్చుకోండి’ అన్న స్థితి, మూడో వర్గానికి ఏదీ ముందే ఎంపిక కాని స్థితి ఇచ్చారు. మొదటి వర్గంలో 42 శాతం, రెండో వర్గంలో 82 శాతం, మూడో వర్గంలో 79 శాతం దాతలుగా ఉండటానికి అంగీకరించారు. ప్రశ్న ఒక్కటే, మారినదల్లా టిక్కు ఉన్న చోటు.

ఇలా ఎందుకు జరుగుతుందో ఆలోచించాలి. మార్చడానికి చిన్నదైనా శ్రమ కావాలి. ముందే పెట్టి ఉన్నదాన్ని నిర్వాహకుల సలహాగా మనిషి అర్థం చేసుకుంటాడు. చాలాసార్లు అసలు దాన్ని చూడనే చూడడు. ఈ మూడు కారణాల్లో ఏ ఒక్కదాన్నీ సమ్మతి అనలేం. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ ముందే టిక్కు పెట్టిన గడిని సమ్మతిగా పరిగణించరాదని చెబుతుంది; ప్లానెట్49 కేసులో 2019 అక్టోబరు 1న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం కుకీల (వాడుకరిని గుర్తుపట్టడానికి సైట్ బ్రౌజర్‌లో ఉంచే చిన్న ఫైళ్ల) విషయంలో దాన్నే ఖరారు చేసింది. చట్టం వర్తించినా వర్తించకపోయినా, అడగని మనిషి పెట్టెలోకి చేరే వార్తాలేఖ చదవబడదు. దాన్ని చందాగా లెక్కపెట్టుకుంటే నిర్వాహకులు తమను తామే మభ్యపెట్టుకున్నట్టు.

ఆ ప్రయోగంలోని మూడో వర్గం మాకు దారి చూపింది. ‘పంపండి’, ‘వద్దు’ అని రెండు ఎంపికలు ఒకే పరిమాణంలో, ఒకే రంగులో పెట్టి, రెండింటినీ ఖాళీగా ఉంచాం. పాఠకుడు తానే ఒకటి ఎంచుకోవాలి. చందాదారులు తగ్గుతారని నిర్వాహకులకు ముందే రాతపూర్వకంగా చెప్పాం, వారు ఒప్పుకున్నారు.

గడువు తేదీ గుర్తుచేసే సందేశం విషయంలో మాత్రం వేరే నిర్ణయం తీసుకున్నాం. అది మొదటి నుంచే పంపే స్థితిలో ఉంటుంది, ఆ సంగతి రిజర్వు ఖాయమైన పేజీలోనే రాసి ఉంటుంది, ఒక్క నొక్కుతో ఆపేయవచ్చు. గడువు మరచిపోయిన పాఠకుడిని తర్వాత అడిగితే ఆ సందేశం రావడమే తనకు కావాలంటాడు. వార్తాలేఖ గురించి అంత నమ్మకంగా ఎవరూ చెప్పలేరు. డిఫాల్ట్ (ఎవరూ మార్చకపోతే ఉండే ఎంపిక) అనేది ఎలాగూ ఏదో ఒకటి ఉండక తప్పదు గనుక, ఏది ఉండాలో ఈ తేడాను బట్టే నిర్ణయిస్తున్నాం.

పరిమాణం, రంగు

ఇక్కడ వాదనలు తక్కువ. లక్ష్యం చిన్నదై, దూరమయ్యేకొద్దీ చెయ్యి అక్కడికి చేరడానికి ఎక్కువ సమయం పడుతుందని పాల్ ఫిట్స్ 1954లో సూత్రీకరించాడు. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (వికలాంగులతో సహా అందరూ వెబ్‌ను వాడగలిగేలా చూసే ప్రమాణం) నొక్కే చోటుకు కనీసం 24 సీఎస్ఎస్ పిక్సెళ్ల (వెబ్ పేజీలో పరిమాణాన్ని కొలిచే యూనిట్) వెడల్పు, ఎత్తు అడుగుతుంది, మరింత కఠినమైన స్థాయిలో 44 అడుగుతుంది. మేము ముఖ్యమైన బటన్లన్నింటికీ 44 పెట్టాం. మామూలు పాఠానికి, నేపథ్యానికి మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా నిష్పత్తి) 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 కనీసం ఉండేలా చూశాం. బూడిదరంగు నేపథ్యం మీద లేత బూడిదరంగు అక్షరాలతో ఉన్న పాత లింకులన్నీ ఈ పరీక్షలోనే రాలిపోయాయి.

బయటికి వెళ్లే దారి

అలా రాలిపోయిన వాటిలో ‘సభ్యత్వం రద్దు’ లింకు కూడా ఉంది. అది పేజీ అడుగున చిన్న అక్షరాలతో ఉండేది. నొక్కితే వరుసగా పేజీలు, చివరి పేజీలో ‘వద్దు, నాకు చదవడం ఇష్టం లేదు’ అన్న బటన్. కాదనేవారిని సిగ్గుపడేలా చేసే ఇలాంటి ఎత్తుగడలకు, ఇతర మాయదారి ఏర్పాట్లకు హ్యారీ బ్రిగ్నల్ 2010లో ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టాడు. 2022 జనవరిలో ఫ్రాన్స్ సమాచార రక్షణ సంస్థ సీఎన్ఐఎల్, కుకీలను ఒప్పుకున్నంత తేలిగ్గా తిరస్కరించే వీలు ఇవ్వలేదని గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. ఒప్పుకోవడం, కాదనడం సమానంగా తేలికై ఉండాలన్న ఆ కొలబద్దనే మేము రద్దు పేజీకి పెట్టుకున్నాం: చేరడానికి ఎన్ని మెట్లో, వెళ్లడానికి అంతకు మించకూడదు. చేతిలో ఉన్న పుస్తకాలు తిరిగి ఇవ్వాలన్న సూచన ఒక్కటి ఉంచాం, ఎందుకంటే అది పాఠకుడికి తెలియాల్సిన సంగతి.

కొలత

ఏ మార్పు పనిచేసిందో ఏ/బీ పరీక్షతో (వచ్చేవారిలో కొందరికి పాత పేజీ, మిగతావారికి కొత్తది చూపించి పోల్చడం) తేల్చాలని సలహా వచ్చింది. మా సైట్‌కు వచ్చేవారు కొద్దిమంది. చిన్న తేడాలను నమ్మకంగా పట్టుకోవడానికి ఆ సంఖ్య చాలదు. పైగా రోజూ ఫలితం చూస్తూ, అనుకూలంగా కనిపించిన రోజున పరీక్ష ఆపేస్తే, 5 శాతం ఉండాల్సిన తప్పుడు విజయాల అవకాశం దానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకని పెద్ద మార్పులను పరిశీలనతోనే తేలుస్తున్నాం.

రిజర్వులు పెరిగాయి. దాన్ని ఒంటరిగా చూడటం లేదు. రిజర్వు చేసి తీసుకెళ్లనివి, మొదటి గంటలోనే రద్దయినవి, సాయం కోరుతూ వచ్చిన సందేశాలు అన్నవాటిని కూడా పక్కనే నమోదు చేస్తున్నాం. పొరపాటున నొక్కించిన రిజర్వు కూడా మొదటి లెక్కలో విజయంగానే కనిపిస్తుంది. ఈ పక్క లెక్కలే దాన్ని బయటపెడతాయి. ప్రస్తుతానికి అవి పెరగలేదు.

మిగిలిన పనులు ఇవి. వార్తాలేఖ ఎంపిక రెండూ ఖాళీగా ఉన్నప్పుడు స్క్రీన్ రీడర్ ఆ ప్రశ్నను ఎంపికలతో కలిపి చదువుతోందో లేదో, రద్దు పేజీని కీబోర్డు ఒక్కదానితోనే పూర్తి చేయగలమో లేదో స్క్రీన్ రీడర్ వాడేవారి బృందంతో చూడాలి. పాత చిరునామాలన్నీ కొత్త పేజీలకు 301 దారిమళ్లింపుతో (చిరునామా శాశ్వతంగా మారిందని బ్రౌజర్‌కు చెప్పే సంకేతం) చేరుతున్నాయో లేదో సరిచూడాలి. ఈ పరీక్షలన్నీ ముగిసేవరకు పాత పేజీలను సర్వర్ మీదే ఉంచుతున్నాం.